దీపావళి సెలవుల్లో డాంగ్ అడవికి

దసరాకు, బతుకమ్మకు ఊరికి వెళ్ళి వచ్చేసిన తెలుగు కుటుంబాలకు సూరత్‌లో దీపావళి సెలవు ఎలా గడపాలో తోచదు. ధన్‌తేరస్ నాటికి కతర్‌గామ్‌లో హీరా (వజ్రాల) కార్ఖానాలు తలుపులు వేసేస్తాయి. మగ్గాల షెడ్లు ఆగిపోతాయి. సౌరాష్ట్ర వాళ్ళు పిల్లాపాపలతో బస్సులెక్కి అమ్రేలీ, భావ్‌నగర్ దారి పడతారు. హీరా పనిలో ఈ సెలవు మామూలుగా మూడు వారాల దాకా ఉంటుంది. బజారు మందగించిన ఏడాది ఇంకా సాగుతుంది. మళ్ళీ ఊరికి పోదామంటే నవజీవన్ రైల్లో సీటు దొరకదు, దసరా ఖర్చుకే చెయ్యి ఖాళీ అయి ఉంటుంది. చాలామంది ఆ రోజులన్నీ ఫోన్ చూస్తూ గడిపేస్తారు.

అలాంటివాళ్ళకు నా సలహా ఒకటే. నాలుగు రోజులు డాంగ్ అడవికి వెళ్ళండి. సాపుతారాలో హోటల్ తీసుకుని, చెరువులో పడవెక్కి, ఫొటోలు దిగి రావడం కాదు. అక్కడి గిరిజనుల్లోనే ఒకరిని గైడ్‌గా పెట్టుకుని, పగలు అడవిలో నడిచి, రాత్రి వాళ్ళ ఊళ్ళోనే పడుకుని రావడం. ఏడాదంతా వజ్రాలు సానబట్టే ఘంటీ ముందు వంగి కూర్చునేవాళ్ళకు, మగ్గాల మోతలో పన్నెండేసి గంటలు నిలబడేవాళ్ళకు, ఎంబ్రాయిడరీ యూనిట్లలో నైట్ డ్యూటీలు చేసేవాళ్ళకు ఇంత మంచి విశ్రాంతి ఇంత దగ్గర్లో ఇంకోటి లేదు. అయితే ఏర్పాట్లు లేకుండా బయల్దేరే చోటు కాదది. దీపావళి వారంలో ఆలోచిస్తే ఆలస్యమైనట్టే. బతుకమ్మ రోజుల్లోనే మొదలుపెట్టాలి.

ముందు సెలవు సంగతి. కార్ఖానా మూసిన రోజులకు జీతం రాదని అందరికీ తెలుసు. చట్టం ఇచ్చే జీతంతో కూడిన సెలవు వేరే ఉందని మాత్రం చాలామందికి తెలియదు. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున ఆ సెలవు రావాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లో ఆ 240 రోజులు 180కి తగ్గాయి. వాడుకోని సెలవు 30 రోజుల దాకా మరుసటి ఏడాదికి జమ అవుతుంది. పీస్ రేటు మీద పనిచేసేవాళ్ళకు ఇవేవీ వర్తించవని ఒక అపోహ ఉంది. వర్తిస్తాయి. సెలవుకు ముందు నెలలో పూర్తిగా పనిచేసిన రోజుల సగటు సంపాదన లెక్కగట్టి ఇవ్వాలని పాత చట్టంలోనే ఉంది. పది మంది కూడా లేని చిన్న యూనిట్లలో ఈ హక్కు అడగడం కష్టం. పెద్ద కార్ఖానాలో ఉన్నవాళ్ళు మాత్రం హాజరు లెక్క, నియామక పత్రం దగ్గర పెట్టుకుని, కనీసం పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా అడగాలి. నోటిమాటగా అడిగిన సెలవు నోటిమాటగానే పోతుంది.

డబ్బు విషయంలో ఇంకో మాట. ఉపాడ్ (అడ్వాన్సు) తీసుకుని మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. సెలవు తర్వాత మొదటి పగార్‌లో ఆ ఉపాడ్ కోత పడితే అడవిలో దొరికిన విశ్రాంతి అంతా ఆ నెలలోనే కరిగిపోతుంది. రాఖీ పండుగ నుంచి నెలనెలా కొంచెం పక్కన పెట్టినా చాలు. ప్రయాణ ఖర్చు తక్కువే. పెట్టాల్సిన డబ్బు గైడ్‌కూ, భోజనం పెట్టిన ఇంటికీ పెట్టాలి.

డాంగ్ ఎక్కడో లేదు. సోన్‌గఢ్ వైపు నుంచి వెళ్ళినా, బిలిమోరా మీదుగా వఘై వైపు నుంచి వెళ్ళినా సూరత్ నుంచి బస్సులో సగం రోజు ప్రయాణం. పిల్లలు వెంట ఉంటే బిలిమోరా నుంచి వఘై దాకా చిన్న రైలు ఎక్కండి. 1913లో బరోడా గైక్వాడ్ రాజ్యం వేసిన ఆ నేరోగేజ్ లైను పొడవు 63 కిలోమీటర్లు. కోవిడ్‌లో ఆగి 2021లో మళ్ళీ మొదలైంది. నెమ్మదిగా పోతుంది. పొలాలు పోయి టేకు చెట్లు రావడం కిటికీలోంచి చూడొచ్చు.

సహ్యాద్రి కొండలు ఉత్తరాన ముగిసే చోట ఉన్న ఈ డాంగ్ జిల్లా విస్తీర్ణం 1,764 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనాభా రెండు లక్షల 28 వేలు. నూటికి 94 మందికి పైగా గిరిజనులే: కుంక్ణాలు, భీల్‌లు, వార్లీలు, గామిత్‌లు, వెదురు అల్లే కోట్వాలియాలు. ఇక్కడి టేకు కోసం 1842లో బ్రిటిష్‌వాళ్ళు భీల్ నాయకుల దగ్గర అడవిని కౌలుకు తీసుకున్నారు. ఆ నాయకుల వారసులకు ఇప్పటికీ ఏటా హోలీ ముందు జిల్లా కేంద్రం ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బార్‌లో ప్రభుత్వం భరణం ఇస్తుంది. సుబీర్ దగ్గర శబరీధామ్ ఉంది. శబరి రాముడికి పళ్ళు తినిపించింది అక్కడేనని డాంగ్‌వాళ్ళ నమ్మకం. భద్రాచలం దగ్గర శబరి నది ఒడ్డున పుట్టినవాళ్ళు ఆ కథను డాంగ్ పెద్దవాళ్ళ నోట కూడా వినాలి.

ఇక ఒంటి సంగతి. ఘంటీ మీద పనిచేసేవాళ్ళకు చేతులు, కళ్ళు ఎంత పదునుగా ఉంటాయో నడుము, మోకాళ్ళు అంత బిగుసుకుపోయి ఉంటాయి. మగ్గం దగ్గర రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరిగినా అది చదును నేల మీది నడక. కొండ ఎక్కడం ఆయాసం తెప్పిస్తుంది, దిగడం మోకాళ్ళను పట్టేస్తుంది. బయల్దేరడానికి నెల ముందు నుంచీ రోజూ ముప్పావు గంట నడవండి. వారానికి మూడు రోజులు అయిదారు అంతస్తుల మెట్లు ఎక్కి దిగండి. దిగేటప్పుడు వీపున బరువు పెట్టుకోండి. ఆదివారం పొద్దున్నే డభోలీ బ్రిడ్జి మీద అటూ ఇటూ నడిస్తే గాలీ బాగుంటుంది, కాలికి సాధనా అవుతుంది. బూట్లు కొత్తవి కొంటే ఈ నెలలోనే తొడిగి కాలికి అలవాటు చేసుకోండి, అడవిలో కాదు. కాలిగోళ్ళు కత్తిరించుకోండి. పొడుగు గోళ్ళతో కొండ దిగితే బొటనవేలు నల్లబడిపోతుంది. సంచీ ఆరేడు కిలోలు దాటొద్దు. బీపీ, షుగర్ మందులు రెండు చోట్ల పెట్టుకోండి. ఒక సంచీ నీళ్ళలో తడిసినా ఇంకోటి ఉంటుంది.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు రోజుకు ఎనిమిది పది కిలోమీటర్లకు మించి పెట్టుకోకూడదు. గుజరాత్ అటవీశాఖ వాళ్ళ క్యాంపులు మహాల్‌లో, వఘై దగ్గర కిలాడ్‌లో, ఆహ్వా దగ్గర దేవీనామాళ్‌లో ఉన్నాయి. మహాల్ పూర్ణా నది ఒడ్డున, 1990లో ఏర్పడ్డ పూర్ణా అభయారణ్యంలో ఉంది. సుమారు 160 చదరపు కిలోమీటర్ల అడవి అది. చిరుతలు తిరుగుతాయి. అక్కడ ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు నడిచే వీలు లేదు, ఎక్కడ పడితే అక్కడ గుడారం వేసే వీలు అసలే లేదు. ఆహ్వాలో అటవీశాఖ ఆఫీసులో అనుమతి తీసుకోండి. మొదటి రాత్రి క్యాంపులో పడుకుని, మిగతా రెండు రాత్రులు అభయారణ్యం బయటి ఊళ్ళలో ఉండేలా ఏర్పాటు చేసుకుంటే ఇటు ధైర్యం, అటు అనుభవం రెండూ దక్కుతాయి. క్యాంపు వాళ్ళనే అడిగితే దగ్గర ఊళ్ళలో ఎవరు మనుషుల్ని ఇంట్లో ఉంచుకుంటారో, ఎవరికి అడవి దారులు తెలుసో చెబుతారు. ఆధార్ కార్డు నకళ్ళు తలా రెండు ఉంచుకోండి.

సూరత్‌లోనే ప్యాకేజీ కట్టే ఏజెంట్ల ద్వారా కూడా వెళ్ళొచ్చు. అలా వెళ్తే డబ్బు కట్టే ముందు మూడు విషయాలు అడగండి: గైడ్ ఏ ఊరివాడు, అతనికి రోజుకు ఎంత ఇస్తున్నారు, భోజనం పెట్టే ఇంటికి ఎంత చేరుతుంది. జవాబు చెప్పలేనివాళ్ళతో వెళ్ళకండి. ఠేకేదారు మధ్యలో ఎంత మింగుతాడో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా.

గైడ్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చాలామందికి తెలియని అసలు విషయం ఇక్కడే ఉంది. మన సెలవులు మొదలయ్యే రోజుల్లోనే వాళ్ళ వలస మొదలవుతుంది. వరి, నాగ్లీ (రాగి) కోతలు ముగిసి దీపావళి దాటేసరికి డాంగ్ ఊళ్ళలో వయసులో ఉన్నవాళ్ళు మూటాముల్లె కట్టుకుని చెరకు నరకడానికి దిగువకు వస్తారు. బార్డోలీ, చల్తాణ్, మఢీ, గణదేవీ చక్కెర ఫ్యాక్టరీల చుట్టుపక్కల పొలాల్లో గుడారాలు వేసుకుని ఎండాకాలం దాకా ఉంటారు. భార్యాభర్తల జంటను కలిపి ఒక ‘కోయతా’గా లెక్కగడతారు. కోయతా అంటే చెరకు నరికే కత్తి. వానాకాలంలో ఇల్లు గడవక ముకాదం (కూలీల మేస్త్రీ) దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా వాళ్ళు అక్కడినుంచి కదలలేరు. పిల్లలు కూడా వెంటే. బడి మధ్యలో ఆగిపోతుంది. తెల్లవారుజామున సూరత్ రోడ్ల మీద చెరకు లారీలు చూస్తాం. వాటి వెనక ఈ ఊళ్ళు ఉన్నాయి.

ఇందులోంచి మనం చెయ్యాల్సిన పనులు తేలుతున్నాయి. ఒకటి, ప్రయాణం సెలవుల మొదటి వారంలోనే పెట్టుకోవాలి. ఆలస్యం చేస్తే ఊళ్ళలో ముసలివాళ్ళు, చిన్నపిల్లలే మిగులుతారు. వాళ్ళ మీద అతిథులుగా భారం వెయ్యడం భావ్యం కాదు. రెండోది, గైడ్‌కు మాట ముందే ఇవ్వాలి, ఇచ్చిన మాట తప్పకూడదు. మన కోసం చెరకు కోతకు నాలుగు రోజులు ఆలస్యంగా వెళ్ళే మనిషికి ఆ నాలుగు రోజుల కూలీ మనమే పూడ్చాలి. కోతలో వచ్చేదానికంటే తక్కువ ఇస్తే మనం అతని సాయం వాడుకుని అతనికి నష్టం చేసినట్టు. పీస్ రేటులో రూపాయి తగ్గితే మన ఇంట్లో ఏం ఆగిపోతుందో మనకు తెలుసు. కాబట్టి బేరం ఆడొద్దు. రోజుకు ఎంత, పూట భోజనానికి తలకు ఎంత, పడకకు ఎంత అన్నది వెళ్ళకముందే ఫోన్‌లో తేల్చుకుని, డబ్బు నేరుగా వాళ్ళ చేతిలోనే పెట్టండి. ఆహ్వా, వఘై దాటితే ఏటీఎంలు దొరకడం కష్టం. సిగ్నల్ కూడా చాలా చోట్ల ఉండదు, ఫోన్‌లో డబ్బు పంపుదాం అనుకోవద్దు. చిల్లర నోట్లు సరిపడా తీసుకెళ్ళండి.

డాంగ్ ఇల్లు పెంకుటిల్లు. వెదురు తడికలకు మట్టి, పేడ కలిపి అలికిన గోడలు. ఒక మూల పశువులు, ఒక మూల పొయ్యి. సాయంత్రం ఇంటావిడ నాగ్లీ పిండిని వేడినీళ్ళతో పిసికి, రెండు అరచేతుల మధ్య చరుస్తూ తిప్పుతుంటే పిండి ముద్ద చూస్తుండగానే పెద్ద రొట్టె అవుతుంది. మట్టి పెనం మీద వేసి, తడిచేత్తో ఒకసారి పైన రాసి, పొంగాక నిప్పుల మీదికి తోస్తుంది. నాగ్లీ అంటే మన తైదలే, రాయలసీమవాళ్ళ రాగులే. దాంతో మినపపప్పు, ఎండుమిరపకాయల పచ్చడి. వర్షాకాలంలో వెళ్తే వెదురు కొమ్ముల కూర కూడా దొరుకుతుంది. సంగటి తిని పెరిగినవాళ్ళకు ఈ తిండి ఇట్టే నప్పుతుంది. మనం అక్కడికి ఏదైనా తీసుకెళ్ళాలనుకుంటే పిల్లలకు చాక్లెట్లు, చిప్స్ ప్యాకెట్లు కాకుండా ఇంట్లో వండుకునే పప్పులో, కూరగాయలో తీసుకెళ్ళడం మంచిది. వాటితో ప్లాస్టిక్ చెత్త మిగలదు.

రాత్రి పడుకునేటప్పుడు మంచం అడగండి, లేకపోతే దోమతెర అంచులు చాప కిందికి మడిచి పడుకోండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. కాటు చిన్నది, నొప్పి ఉండదు, అందుకే ప్రమాదం. బయటికి వెళ్తే టార్చ్ తప్పదు, చెప్పులు దులిపి వేసుకోవాలి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఇవేవీ వద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, సిగ్నల్ లేకపోతే దొరికిన బండిలో ఆహ్వా సివిల్ హాస్పిటల్‌కు చేర్చాలి. మన హైదరాబాద్‌లో 2005లో మొదలైన ఆ 108 బండి గుజరాత్‌లో 2007 నుంచి తిరుగుతోంది. ఆయుష్మాన్ కార్డు ఉన్నవాళ్ళు వెంట తెచ్చుకోండి.

దక్షిణ గుజరాత్‌లో ఇంకో జబ్బు ఉంది, లెప్టోస్పైరోసిస్. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన పొలం నీళ్ళలోంచి కాలి పుండ్ల ద్వారా ఒంట్లోకి వస్తుంది. కాలికి పగుళ్ళు, బొబ్బలు ఉంటే వరి మడుల్లో దిగొద్దు. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడడం కనిపిస్తే కతర్‌గామ్ డాక్టరు దగ్గర మొట్టమొదటి మాటగా ‘డాంగ్ వెళ్ళి వచ్చాను’ అని చెప్పండి. ఆ ఒక్క మాటతో సరైన పరీక్ష త్వరగా జరుగుతుంది.

ఊళ్ళో మెలిగే తీరు కష్టమేమీ కాదు. పెద్దవాళ్ళు ఎదురైతే ‘రామ్ రామ్’ అనండి. కుర్రవాళ్ళకు గుజరాతీ వచ్చు, ముసలివాళ్ళు డాంగీ మాట్లాడతారు. మరాఠీ తెలిసినవాళ్ళు తోడుంటే మాట కలుస్తుంది. మగ్గాల మోతకు అలవాటుపడ్డ మనం మామూలుగానే గట్టిగా మాట్లాడతాం, అక్కడ గొంతు తగ్గించుకోవాలి. దీపావళికి ముందు వాఘ్‌బారస్ నాడు కుంక్ణాలు పులిదేవుణ్ణి కొలుస్తారు. పులి, పాము, సూర్యచంద్రుల బొమ్మలు చెక్కిన కొయ్యలు, రాళ్ళు ఊరి పొలిమేరల్లో కనిపిస్తాయి. వాటి మీద కూర్చోవడం, ఆనుకుని సెల్ఫీ దిగడం చెయ్యొద్దు. ఆడవాళ్ళ ఫొటో అడగకుండా తియ్యొద్దు. ఇంకో ముఖ్యమైన మాట: ఇప్పపూల సారా కావాలని ఎవరినీ అడగొద్దు. గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది. మనం అడిగి, వాళ్ళు ఇచ్చి, కేసు పడితే నలిగేది వాళ్ళు. కుటుంబాలతో వెళ్ళేవాళ్ళు ఆడవాళ్ళకు గది, మరుగుదొడ్డి ఉన్నాయో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

గుంపు ఆరేడుగురికి మించకూడదు. ఇది నా ఒక్కరి మాట కాదు. లావోస్‌లోని నమ్ హా అడవిలో 1999లో యునెస్కో సాయంతో కొండజాతుల ఊళ్ళకు ట్రెక్కింగ్ మొదలుపెట్టినప్పుడు గుంపులు చిన్నవిగా ఉంచడం, ఊరికి చేరే వాటా ముందే ఖాయం చెయ్యడం నియమంగా పెట్టుకున్నారు. పక్కనున్న థాయ్‌లాండ్‌లో మెడకు ఇత్తడి కడియాలు వేసుకునే కయాన్ ఆడవాళ్ళ ఊళ్ళకు ప్రవేశ టికెట్ పెట్టి, మనుషుల్ని ప్రదర్శన వస్తువులుగా మార్చేశారు. డాంగ్‌కు ఆ గతి పట్టకూడదని నా కోరిక. మన గోదావరి వైపు మారేడుమిల్లి దగ్గర వాలమూరులో అడవి క్యాంపును స్థానికుల వన సంరక్షణ సమితే నడుపుతోంది. ఎప్పుడైనా ఊరికి వెళ్ళినప్పుడు అక్కడ ఒక రాత్రి ఉండి చూడండి, ఊరి చేతిలో పని ఉంటే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

వచ్చేటప్పుడు నాగ్లీ పిండి, కోట్వాలియాలు అల్లిన వెదురు బుట్టలు అక్కడే కొనండి. 2021లో డాంగ్‌ను పూర్తి సహజ వ్యవసాయ జిల్లాగా గుజరాత్ ప్రభుత్వం ప్రకటించింది. రసాయనాలు పడని ఆ పంటకు సూరత్ షాపుల్లో మనం ఇచ్చే ధర పండించినవాళ్ళ దాకా చేరదు, వాళ్ళింట్లో కొంటే మొత్తం చేరుతుంది. గైడ్ నంబరు కతర్‌గామ్‌లో మీ తోటివాళ్ళకూ ఇవ్వండి, అతన్ని అడిగి మరీ ఇవ్వండి. నాలుగు కుటుంబాలు వంతులవారీగా వెళ్తే అతనికి ఇంకో పది రోజులు ఊళ్ళోనే పని దొరుకుతుంది.

తిరుగు ప్రయాణం కార్ఖానా తెరవడానికి కనీసం రెండు రోజుల ముందు పెట్టుకోండి. నడక తర్వాత మొదటి రోజు కంటే రెండో రోజు పిక్కలు ఎక్కువ నొప్పి పెడతాయి. ఆ నొప్పితో, నిద్రలేమితో ఘంటీ మీద కూర్చుంటే రాయి పాడవుతుంది, ఆ నష్టం మీ ఖాతాలోనే రాస్తారు. మగ్గం దగ్గరైతే చెయ్యి యంత్రంలో పడే ప్రమాదం. ఒక రోజు పడుకోండి, ఒక రోజు ఇంటి పనులు చూసుకోండి, ఆ తర్వాత డ్యూటీకి వెళ్ళండి.